మూడుసార్లు రంగు పూసిన గాడిద

నేను చెన్నై కోడంబాకంలో సినిమా మేకప్‌మ్యాన్‌ని. పోయిన వేసవిలో ఒక యాడ్ షూటింగుకు కచ్ ఎడారిలో తిరిగే అడవి గాడిద కావాలన్నారు. దాన్ని తెచ్చి నటింపజేయడం కుదరదు కనుక, గాడిదపాలు అమ్మే మునెమ్మ గాడిదను తెప్పించి నాకు అప్పగించారు.

ఫోటో ముందు పెట్టుకున్నాను. ఉప్పునేలల్లో మొలిచే గడ్డి తిని బతికే ఆ జంతువుకి ఒళ్లు ఇసుక రంగు, పొట్ట తెలుపు, వెన్ను మీద ముదురు చార. మా గాడిదేమో బూడిద రంగు, పైగా భుజాల మీద అడ్డంగా ఇంకో చార. కడిగితే పోయే రంగులు కలిపి గంటసేపు పూశాను. తాడు విప్పగానే అది సెట్లో పోసిన ఇసుకలో పడి పొర్లింది. మళ్లీ పూశాను, మళ్లీ పొర్లింది. మూడోసారి పూశాక కూడా పొర్లేసరికి ఒళ్లు మండిపోయి, "బుద్ధుందా నీకు?" అని అందరి ముందూ గాడిద మీద అరిచేశాను. యూనిట్ అంతా పగలబడి నవ్వింది.

"దాన్ని తిడితే ఏమొస్తాదన్నా? ఎండకి మన్నులో పొర్లేది దాని అలవాటు," అంది గాడిదతో పాటు వచ్చిన మునెమ్మ.

అంతలో డైరెక్టర్ వచ్చాడు. తడి రంగుకు ఇసుక అంటుకుని, అడ్డచార కనబడకుండా పోయిన గాడిదను చుట్టూ తిరిగి చూశాడు.

"సూపర్! కచ్‌లో అవి కూడా ఇట్లే దుమ్ములో పొర్లి ఈ రంగులోనే ఉంటాయి. మేకప్ ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపే మునెమ్మ, "దానికదే ఏసుకునింది సార్," అంది.

ముప్పై ఏళ్లలో ఎందరి ముఖాలకో రంగు పూశాను. నా పనిని చెరిపేసి మరీ మెప్పు కొట్టేసిన ఆర్టిస్టు మాత్రం ఆ గాడిద ఒక్కటే.