అద్దాల వ్యానులో సైకిలక్క బండి

ఆ ఆదివారం ఉదయం మందుల షాపావిడ ఫోను చేసేసరికి సైకిలక్క టీ వడకడుతోంది. విషయం సగం వినేసరికే గిన్నె పొయ్యి మీద పెట్టేసి చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టింది.

సైకిలక్కకు అరవై ఒకటి. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. అందులో పంతొమ్మిదేళ్ళు ఒకే కొండ మీద, మామూలు తొక్కుడు సైకిలు మీదే. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది మొరిగి ఊరుకుంటుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆ కొండ ఎక్కీ ఎక్కీ మోకాళ్ళు అరిగిపోయాక, పదవీ విరమణ చేసి పట్నంలో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. వచ్చిన నెలలోనే కరెంటు సైకిలు కొనుక్కుంది. ముసలి గుర్రానికి మోటారు బిగించారని తమ్ముడు నవ్వాడు. నవ్వినవాడే మర్నాడు అడిగి మరీ వీధి చివరిదాకా తొక్కి వచ్చాడు.

మందుల షాపు ఉన్నది ఆ కొండ కిందనే. నాలుగు రోజుల వానకు ఏరు పొంగి, కార్లు వెళ్ళే వంతెన కొట్టుకుపోయిందట. మిగిలింది పాత నడక వంతెన ఒక్కటే. ఆ చెక్కల మీద మోటారు సైకిళ్ళు వెళ్ళడానికి లేదు, తోసుకెళ్ళే సైకిలయితే ఫరవాలేదని రోడ్ల ఇంజనీరు తేల్చి చెప్పాడు. అవతల తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు, పైన పద్నాలుగు ఇళ్ళు. షాపావిడ భర్త నిన్న సంచి వీపున వేసుకుని నడిచి వెళ్ళాడు. పాదాలు బొబ్బలెక్కి ఇవాళ మంచం దిగలేదు. పైన ఒకరికి ఇన్సులిన్ సాయంత్రంతో అయిపోతుంది.

"అక్కా, నీ దగ్గర కరెంటు సైకిలుంది కదా?" అంది షాపావిడ.

"సైకిలుంది, నేనూ ఉన్నాను. మధ్యలో నూట ఇరవై కిలోమీటర్లు ఉన్నాయి, అంతే. వస్తున్నా."

నూట ఇరవై కిలోమీటర్లు ఆ బ్యాటరీతో అయ్యే పని కాదు. కానీ ఇంటి ముందు తమ్ముడి వ్యాను ఉంది. తమ్ముడిది కిటికీల అద్దాలు చేరవేసే పని. వ్యాను లోపల రెండు వైపులా రబ్బరు తొడిగిన చెక్క చట్రాలు ఉంటాయి. ఇరవై రెండేళ్ళలో అతని చేతిలో పగిలినవి మూడే మూడు అద్దాలు. ఆ మూడూ ఏ మలుపులో పగిలాయో ఇప్పటికీ చెప్పగలడు.

సైకిలు ఎక్కించి ఒక తాడు కట్టేస్తే చాలనుకుంది సైకిలక్క. తమ్ముడు మాత్రం సైకిలు చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేసి, ముందు బ్యాటరీ తియ్యమన్నాడు. టైము పోతోందని అక్క ఒంటికాలి మీద లేచింది.

"అద్దం పగిలితే ఇంకో అద్దం తెస్తానక్కా. దీన్ని విరగ్గొట్టుకుని వెళ్తే పైన వాళ్ళకి ఏం చెప్తావు?" అన్నాడు తమ్ముడు.

ఆమె వంగి తాళంచెవి దూర్చింది. తాళం తిప్పి బ్యాటరీని పైకి లాగింది. సైకిలు బరువు చప్పున తగ్గింది. బ్యాటరీ కూర్చునే చోట ఉన్న రాగి ముక్కలకు తడి తగలకుండా తమ్ముడు పైన టేపు వేశాడు. బ్యాటరీని స్పాంజి పరిచిన అట్టపెట్టెలో పడుకోబెట్టి, వెనకాల ఇనప సామానుతో కాకుండా ముందు సీటులో కాళ్ళ దగ్గర, ఎండ పడని చోట పెట్టాడు. హ్యాండిలు మీద బ్యాటరీ ఎంత ఉందో చూపించే చిన్న తెర ఊడదీసి అక్క చేతిసంచిలో వేశాడు.

సైకిలును నిలువుగానే ఎక్కించారు. గొలుసు వైపు దేనికీ ఒరుసుకోకుండా బయటికి తిప్పి, రెండోవైపును చట్రానికి ఆనించారు. ముందు చక్రానికి అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టారు. పట్టీల కింద స్పాంజి ముక్కలు పెట్టి, వాటిని సైకిలు ఒంటికే బిగించాడు తమ్ముడు. బ్రేకు తీగల మీద, మోటారు వైరు మీద ఒక్కటి కూడా పడనివ్వలేదు. చివర హ్యాండిలు పట్టుకుని గట్టిగా ఊపి చూశాడు. వ్యాను ఊగింది గాని సైకిలు ఊగలేదు.

దారి పొడుగునా సైకిలక్క నోటికి విరామం లేదు. గుడ్ల మీద కోడిలా ఆ అట్టపెట్టెను రెండు కాళ్ళ మధ్య కాపాడుకుంటూ, కొండ మీది ఇల్లిల్లూ పేరుపేరునా వర్ణిస్తూనే ఉంది.  మనసు వ్యాను కంటే ముందు పరిగెడుతోంది.

పదిహేను కిలోమీటర్లు వెళ్ళాక తమ్ముడు బండి పక్కకు ఆపాడు. ఇప్పుడెందుకని అక్క విసుక్కుంది. వెనక తలుపు తీసి చూస్తే స్పాంజి అణిగి, ఒక పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులయింది. తమ్ముడు బిగించాడు.  మరో గంటకు ఎదుటి లారీ ఉన్నపళంగా ఆగడంతో తమ్ముడు బ్రేకు తొక్కాడు.  ఇద్దరూ దిగి పరుగున వెనక్కి వెళ్ళారు. ముందు చక్రం దిమ్మల మధ్య నుంచి వెంట్రుకవాసి కూడా జరగలేదు. సైకిలక్క తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. అది మెచ్చుకోలు.

కొండ కింద షాపావిడ మంచుగడ్డల డబ్బాతో, మందుల పొట్లాలతో వీధిలోనే నిలబడి ఉంది. చుట్టూ పదిమంది చేరారు. సైకిలు దించి, టేపు పీకి, బ్యాటరీ పెట్టి, తాళం వేసి, తెర బిగించి మీట నొక్కింది సైకిలక్క. తెర వెలగలేదు. మళ్ళీ నొక్కింది. ఊహూఁ. ఎవరో నిట్టూర్చారు. ఆమె మీట వదలకుండా నొక్కి పట్టింది.

తమ్ముడు బ్యాటరీ బయటికి లాగి, వంగి లోపలికి చూశాడు. లోపల అంటుకుని మిగిలిపోయిన చిటికెన వేలంత టేపు ముక్కను గోటితో గీకి తీశాడు.

"నేను వేసిందే," అన్నాడు తల వంచుకుని.

ఈసారి తెర వెలిగింది. సైకిలక్క మొహం అంతకంటే ఎక్కువ వెలిగింది.

నడక వంతెన మీద సైకిలు దిగి నడిచింది. నడకకు సాయం చేసే మీట నొక్కి పట్టుకుంటే, పలుపు పట్టి నడిపిస్తున్న ఆవులా సైకిలు నెమ్మదిగా పక్కనే వచ్చింది. అవతల ఒడ్డున ఎక్కి పెడలు మీద కాలు వేసింది. వెనకనుంచి ఎవరో అరచేత్తో మెత్తగా తోసినట్టు బండి సాగింది. నాలుగో కిలోమీటరు దగ్గర ఒక నిట్టనిలువు మలుపు ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజైనా ఆమె అక్కడ దిగకుండా వెళ్ళలేదు. ఇవాళ కాలు నేల మోపకుండా దాటేసింది. దాటాక చుట్టూ ఎవరూ లేరని చూసుకుని పెద్దగా నవ్వేసింది.

ఇన్సులిన్ కావలసినది పై వరసలో ఉండే టీచరమ్మకు. ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఇవాళ ఆదివారం కదే, ఉత్తరాలెక్కడివి?" అంది.

"ఉత్తరాలు కాదు టీచరమ్మా, మీ మందు. ముందు దీన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, కబుర్లు తర్వాత."

పద్నాలుగు ఇళ్ళూ తిరిగి మధ్యాహ్నానికి ఆమె కిందికి దిగింది. వంతెన దగ్గర తమ్ముడు ఎదురొచ్చి ముందు సైకిలును, తర్వాత అక్కను ఎగాదిగా చూశాడు. రేపు మళ్ళీ వెళ్ళాలి, షాపు మేడ మీది గదిలో ఉండిపోతానని ఆమె చెప్పింది. తెర మీద బ్యాటరీ సగానికి పైగా అయిపోయినట్టు గీతలు చూపిస్తున్నాయి. చార్జర్ ఇమ్మని చెయ్యి చాపింది. తమ్ముడు ఆమె వంక చూశాడు, ఆమె తమ్ముడి వంక చూసింది. చార్జర్ ఇంట్లో గోడకే వేలాడుతోంది. టేపు, స్పాంజి, దిమ్మలు అన్నీ లెక్కగా తెచ్చిన జాగ్రత్తపరుడు అదొక్కటీ మరిచాడు.

ఇద్దరూ అక్కడే ఏటి ఒడ్డున కూలబడి కడుపుబ్బ నవ్వారు. తమ్ముడు ఆ పూటే వెనక్కి వెళ్ళి, మర్నాడు పొద్దున్నే చార్జర్ తెచ్చాడు. అద్దానికి చుట్టినట్టు మూడు పొరల స్పాంజి చుట్టి మరీ తెచ్చాడు. కొత్త వంతెన వేసేదాకా ఇరవై ఆరు రోజులు సైకిలక్క ఆ కొండ ఎక్కింది.