పడవ మీద నడక

మా అమ్మాయి మొదటిసారి బోర్లా పడ్డ రోజున నాకూ నా భార్యకూ పెద్ద గొడవే అయింది. పిల్ల తనంతట తానే తిరిగిందని ఆమె, ఎదురుగా వచ్చిన ఉప్పు పడవ రేపిన అలకు దొర్లిందని నేను. అప్పట్లో నేను కాకినాడ, రాజమహేంద్రవరాల మధ్య కాలవలో తిరిగే ధాన్యం పడవకు సరంగును. కాపురం కూడా ఆ పడవలోనే, వెనకవైపు తాటాకు గూటిలో. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు చెయ్యాలి కదా. "ఏమయ్యో, బెల్లం కొనాల్సొస్తుందని అలా అంటన్నావా?" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు, నా కళ్ళెదుటే మళ్ళీ బోర్లా పడి, తల ఎత్తి నా వంక చూసింది పిల్ల. నోరు మూసుకుని శనగపప్పూ బెల్లమూ కొనుక్కొచ్చాను.

అప్పటి నుంచి దాన్ని చూడడమే నాకు పని. చెయ్యి చుక్కాని మీద, కళ్ళు దాని మీద. అలా చూస్తూ ఒకసారి పడవను గట్టుకు గుద్దించాను కూడా. నీళ్ళలో పడకుండా దాని నడుముకు పాత చీర పేలిక కట్టి, రెండో కొస గూటి గుంజకు కట్టేవాళ్ళం. ఆరో నెలలో కూర్చుంది. పడవ ఒరిగిన వైపు తనూ ఒరిగి, పడబోయి, మళ్ళీ నిటారుగా వచ్చేది. కూర్చోవడం నేర్చుకోడానికి అందరు పిల్లలకూ నేల ఉంటుంది, దీనికి అదీ లేదు పాపం.

కాలవకు అడ్డంగా కట్టిన లాకుల దగ్గరికి రాగానే తలుపులు తియ్యమని మేము "ఓహోయ్" అని కేకేసేవాళ్ళం. ఎనిమిదో నెల వచ్చేసరికి, లాకులు కనిపిస్తే చాలు, మాకంటే ముందు అదే "ఓ" అని అరిచేది. మా కేకలకు ఎప్పుడూ విసుక్కునే లాకుల మనిషి దాని కేకకు మాత్రం నవ్వుకుంటూ వచ్చేవాడు. లోపల నీళ్ళు దిగుతూ పడవ కిందికి పోతుంటే, గోడలే పైకి లేస్తున్నాయనుకుని నోరు తెరుచుకుని చూసేది. అంత తెలివైన పిల్ల ఆ కాలవ పొడుగునా లేదని నా నమ్మకం. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, అంటే అననీండి.

పదకొండో నెలలో అడుగులు వేసింది. బస్తా అంచు వదిలి, మోకాళ్ళు కాస్త వంచి, కాళ్ళు ఎడంగా పెట్టి, వాళ్ళమ్మ దగ్గరికి నాలుగడుగులు. నేను చుక్కాని వదిలేసి గంతులేశాను. మా అమ్మ ఒక్కతే ఉండే ఇల్లు కాలవ గట్టు మీదే. పై వారం అక్కడ పడవ కట్టేసరికి కబురు మాకంటే ముందే చేరింది. మా అమ్మ అరిసెలు వండి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి వాకిట్లో కూర్చోబెట్టింది.

పిల్లను నేల మీద నిలబెట్టాం. నిలబడింది. ఒక పక్కకు ఒరిగి, చతికిలబడి, గుక్కపట్టి ఏడ్చింది. మళ్ళీ నిలబెట్టాం, మళ్ళీ అంతే. ఊగే బల్లల మీద నడక నేర్చిన పిల్లకు కదలని నేల కొత్తని ఆ క్షణాన నాకు తట్టలేదు.

"పిల్లకి కాళ్ళల్లో సత్తువ లేదురా," అంది మా అమ్మ. "నా దగ్గరుంచెయ్యండి. ఆముదం రాసి, ఇసకలో నిలబెట్టి నేను నడిపిస్తాను."

నా భార్య పిల్లను ఎత్తుకుంది. నాకు కోపం ఆగలేదు. "నడిచిందంటే నమ్మవేంటి? నేను అబద్ధాలాడతన్నానా?" అని అరిచాను.

మా అమ్మ అరవలేదు. "గోదారికి మీ అయ్యనిచ్చాను. నిన్నిచ్చాను. దీన్నైనా నేల మీద పెరగనివ్వరా," అంది.

మా నాన్న వరద గోదావరిలో పడవతో సహా పోయినప్పుడు నేను చిన్నవాణ్ణి. ఆనాటి నుంచి మా అమ్మ పడవ ఎక్కలేదు. ఈసారి నా భార్య అందుకుంది: "అత్తా, ఓసారి పడవలోకి రా. అక్కడా నడవకపోతే నీ దగ్గరే వదిలేసి పోతాను."

నడవమన్నప్పుడు నడిచే పిల్లలు ఎక్కడైనా ఉంటారా?

మా అమ్మ చాలాసేపు గట్టు మీదే నిలబడింది. చివరికి నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పడవలో కాలు పెట్టింది. అది కాస్త ఊగేసరికి "ఓరి నాయనో" అంటూ చతికిలబడింది, అచ్చం వాకిట్లో మనవరాలు పడ్డట్టే. పిల్ల పకపకా నవ్వింది. తల్లి చంక దిగి, బస్తా పట్టుకుని లేచింది. బస్తా వదిలింది. పడవ అటు ఒరిగితే తను ఇటు వంగుతూ, ఎక్కడా ఆగకుండా నడిచి వెళ్ళి, నాయనమ్మ భుజం పట్టుకుని నిలబడింది.

మా అమ్మ ముందు నవ్వింది. తర్వాత దాని పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది.

"కాళ్ళున్నాయిరా దీనికి," అంది. "నడవకపోతే నా దగ్గరే ఉంటుంది కదా అనుకున్నాను, పాపిష్టిదాన్ని."

దిగుతుందేమోనని చెయ్యందించాను. ఆవిడ పట్టుకోలేదు. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "లాకుల దాకా వస్తాను, పడవ పోనియ్యి," అంది.