బెల్లం మండీ పెద్దాయన దగ్గరికి అడగవచ్చినవాళ్లు

నా పేరు చెంగమ్మ. డెబ్బై దాటి కొన్నేళ్లయింది. పూతలపట్టు దగ్గర పల్లె మాది. ఇంట్లో నేను, మొగుడు పోయిన నా కోడలు మునిలక్ష్మి, రెండు మేకలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా వీధిలో బట్టలు కుట్టే మేరీ సుగుణ రాస్తోంది. అన్నమాట అన్నట్టే రాయాలని ముందే ఒట్టు వేయించుకున్నాను. ఆమెకు మర్యాద ఎక్కువ, నాకు తక్కువ.

పెద్దాయన పోయిన సంగతి నాకు చిత్తూరు బస్సులో తెలిసింది.

"యాడికవ్వా?" అన్నాడు కండక్టరు.

"బెల్లం మండీకి."

"ఈపొద్దు మండీ మూసేసినారు గదవ్వా. పెద్దాయన తెల్లారేసరికి పోయినాడంట."

ఏ పెద్దాయన అని నేను అడగలేదు. ఆ పేరుతో పిలిచే మనిషి నాకు తెలిసి ఒక్కరే. దిగిపోతావా అన్నట్టు కండక్టరు నా ముఖం చూశాడు. నేను దిగలేదు. మామిడి పిందె పడ్డాక ఏటా ఒకసారి ఆయన దగ్గరికి వెళ్లడం నాకు అలవాటు. ఆ రోజు కూడా అందుకే బయలుదేరాను. అడగడానికి పోయిన దాన్ని, కాళ్లకు దండం పెట్టి వచ్చాను.

ఏం అడగడానికో చెప్పాలి. మా ఊరి పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. సీజనులో చుట్టుపక్కల ఆడవాళ్లంతా అక్కడ కాయలు కోసే పనికి పోతారు. పిల్లల్ని లోపలికి రానివ్వరు. గేటు బయట లారీల నీడలో పడుకోబెట్టి పోయేవాళ్లు. ఒకసారి లారీ వెనక్కి వచ్చింది, ఒక ఆడపిల్ల పాదం నలిగిపోయింది. ఆ మర్నాటి నుంచి నేనూ, నాలాంటి ముసలివాళ్లు కొందరూ ఆ పిల్లల్ని మా కొట్టంలో పెట్టుకోవడం మొదలుపెట్టాం. తర్వాత దాన్ని సంఘమన్నారు, రిజిస్టరు చేయించారు. కొట్టం మాది, కాపలా మాది. పాలు, గంజి, చూసుకునే ఆడవాళ్ల కూలి మాత్రం పెద్దాయన ట్రస్టుది. ఇప్పుడు చెరకు కోతకు పోయేవాళ్ల పిల్లలు కొద్దిమందే ఉన్నారు. కాయ కోతకు వచ్చేసరికి కొట్టం నిండిపోతుంది. ట్రస్టు చెయ్యి తీసేస్తే ఆ పిల్లలు మళ్లీ లారీల కిందికే. నా బాధ అది. ఇదంతా రాయించడం అందుకే.

ట్రస్టంటే మేడ అనుకునేరు. ఆయన బెల్లం మండీ ముందర ఒక గది, ఒక బల్ల, వచ్చినవాళ్లకు ఒక బెంచీ. ఆయన భార్య చిన్నవయసులోనే పోయింది. ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చిన మామిడితోట మీద వచ్చేదాన్ని ఆమె పేరున పంచిపెట్టడమే ఆ ట్రస్టు చేసే పని. తోట ఎంత కాస్తే అంత. ఆ సంగతి చిత్తూరు జనానికి తెలుసు. అయినా అడగడానికి వచ్చినవాళ్లలో సగంమంది ఆయనకు కొండంత ఉందనుకొని వచ్చేవాళ్లు.

వాళ్లు ఎలా వచ్చేవాళ్లో ఆ బెంచీ మీద కూర్చొని నేను చాలాసార్లు చూశాను. తిరుపతి వైపు సేవ చేసే పెద్దమనుషులకు ఒక ఆచారం ఉంది. ముందు లడ్డూ, తర్వాత శాలువా, ఆ తర్వాత చెయ్యి చాచడం. ప్రసాదాన్ని ఎవరు కాదంటారు? అది తెలిసే దాన్ని ముందు పెడతారు. దేవుడి మీద ఎక్కి వచ్చి మనిషి జేబులో దిగడం అది. పెద్దాయన ప్రసాదం కళ్లకద్దుకొని, విరిచి, తెచ్చినవాళ్లతో సహా అందరికీ పెట్టేవారు. చేతులు తుడుచుకొని, "ఇది స్వామిది. ఇంక మీది చెప్పండి" అనేవారు. చాలామంది దగ్గర తమది అనేదే ఉండేది కాదు. శాలువాలు మండీ హమాలీలకు పోయేవి. వాళ్లు మూటల కింద తలకు చుట్టకుదురు పెట్టుకునేవాళ్లు. శాలువా పనికొచ్చింది ఆ ఒక్కచోటే.

ఒకాయన ఒకసారి తెల్లచొక్కా నలగకుండా వచ్చి ఒక కాగితం తీసి చాలాసేపు చదివాడు. "మీ తాతగారు ఈ ప్రాంతంలో కట్టించిన ఆసుపత్రి సేవలు మరువలేనివి" అన్నాడు. పెద్దాయన తాత ఎద్దులబండి తోలేవాడు.

"ఏమప్పా, మా తాత ఆసుపత్రి యాడ కట్టించినాడు?" అన్నారు పెద్దాయన.

ఆ మనిషి తడబడి, కాగితం మళ్లీ చూసుకున్నాడు. వేరే ట్రస్టుకు రాసుకున్నదే పేరు మార్చి తెచ్చాడు, తాతను మార్చడం మరిచిపోయాడు.

"ఇది నాకు రాసింది కాదు. ఎవురికి రాసినావో వాళ్లకే ఇవ్వు, లేదంటే నా గురించి కనుక్కొని మళ్లీ రా. నా తలుపు తెరిచే ఉంటాది."

ఆయన మళ్లీ రాలేదు. కనుక్కోవడం వాళ్లకు చేతకాదు. ఒక ట్రస్టు ఏ పని మీద ఇస్తుంది, ఏ ఊళ్లకు ఇస్తుంది, ఎంతమేర ఇస్తుంది అని బస్సులో పక్కసీటు మనిషిని అడిగినా తెలుస్తుంది. అడగరు. తలుపు కనిపిస్తే చాలు, పళ్లెం పట్టుకొని నిలబడతారు. పెళ్లిచూపులకు పోతూ పిల్ల పేరు తెలుసుకోని వాళ్లను ఏమంటాం? వీళ్లనూ అదే అనాలి. ఈ మాట కొట్టేద్దామా అవ్వా అంది మేరీ సుగుణ. కొట్టేయొద్దన్నాను.

ఇంకొకాయన లీడరు చేత ఫోను చేయించుకొని వచ్చాడు. "పైనుంచి చెప్పించినాను సార్" అన్నాడు గర్వంగా.

"అంత పైన నీకు మనుషులుంటే కింద నా దగ్గరికి ఎందుకొచ్చినావు నాయనా?" అన్నారు పెద్దాయన. అక్కడ మూటలు తూస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

వాళ్లను తిట్టి నన్ను పొగుడుకోవడం లేదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాదీ అదే వేషం. తిరుపతి నుంచి ఒక కుర్రాడు వచ్చి, ట్రస్టుల దగ్గర ఎలా అడగాలో తనకు తెలుసనీ, వచ్చినదాంట్లో తనకు వాటా ఇమ్మనీ అన్నాడు. మా సంఘం వాళ్లం నమ్మాం. అతను పెద్దాయన ముందు కూర్చొని కెపాసిటీ బిల్డింగ్ అన్నాడు, అవేర్‌నెస్ అన్నాడు, ఒక వ్యాను, రెండు కంప్యూటర్లు అన్నాడు. మా పిల్లలకు కంప్యూటరు దేనికో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కి తొక్కడానికేమో.

పెద్దాయన అంతా విని నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఇంతసేపు ఈయన చెప్పినదాంట్లో నువ్వు యాడుండావు?"

నేను కుర్రాడి వైపు చూశాను.

"పిల్లలు యాడుండారు?"

కుర్రాడు నా వైపు చూశాడు. "అయితే ఇది ఇవ్వను" అన్నారు. అక్కడికక్కడే చెప్పారు. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుకోలేదు. లేదనే మాట త్వరగా చెప్పడం కూడా ఒక దానమేనని అప్పుడు తెలియలేదు. తెలియక, దారంతా ఆయన్ను తిట్టుకుంటూ వచ్చాను.

తర్వాత ఒకనాడు చెప్పాపెట్టకుండా ఆయనే మా కొట్టానికి వచ్చారు. ఫోను లేదు, కబురు లేదు. వాకిట్లో పిల్లల ముడ్డిగుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఒక పిల్ల ఏడుస్తోంది, ఒకడు మన్ను తింటున్నాడు. ఆయన గంజి అడిగి తాగారు. ఉప్పు లేదన్నారు. చంటిపిల్లలకు ఉప్పు వెయ్యకూడదని చెప్పాను. తల ఊపి, అందరితో మాట్లాడి, నన్ను పిలిచారు.

"మండీలో బెల్లం కొనేవాడు పైన రంగు సూసి కొనడమ్మా. ముద్దను నడిమికి విరిచి లోపల సూస్తాడు. తెల్లగా మెరిసే బెల్లమైతే, ఎందుకు అంత తెల్లగా ఉండాదో ముందు అది అడగతాడు. నాకు నల్ల బెల్లం కావల్ల. ఇప్పుడు చెప్పు, నీకేం కావల్ల?"

చెప్పాను. పాలు, గంజి, చూసుకోవడానికి మనుషులు.

"కొట్టం?"

"మాదే."

"నీళ్లు?"

"బోరున్న రైతు ఇస్తానన్నాడు."

"తల్లులు ఏమిస్తారు?"

"వారానికొకరు పని మానుకొని కూర్చుంటారు."

"అట్లయితే సరే. నేను చిన్నోణ్ణి. మంచానికి నాలుగో కాలు కాగలను. మిగతా మూడు మీరు తెచ్చుకుంటేనే. అన్ని కాళ్లూ నేనే అయితే, నేను పోయిన పొద్దు మంచం కూలబడతాది."

ఇంకో మాట కూడా చెప్పారు. బోర్డు పెట్టొద్దు, ఫోటో పెట్టొద్దు, పెడితే ఆ రోజుతో సరి అన్నారు. మేము పెట్టలేదు.

తీసుకున్నాక జనం చేసేది ఇంకా అసహ్యం. చేతిలో పడ్డాక ముఖం చూపించరు. మళ్లీ అవసరం వచ్చినప్పుడు నవ్వుల ఫోటోలతో వస్తారు. అన్నిట్లో పిల్లలు నవ్వుతుంటారు, ఏ ఒక్కటీ చెడిపోయి ఉండదు. ఒక ఏడు గాలివానకు మా కొట్టం ఒకపక్క ఒరిగి, సీజను నడుమ మూసేయాల్సి వచ్చింది. నేను వెళ్లి, మూసేశామని చెప్పి, మిగిలిన డబ్బు బల్లమీద పెట్టాను. బెంచీ మీదున్న పెద్దమనిషి ఒకాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పెద్దాయన మాత్రం, "చెడింది చెప్పేవాళ్లతోనే నాకు పని" అని, వాసాలకు పనికొస్తుందని మిగిలినది నా కొంగులోనే వేశారు.

ఇక తిరుపతిలో సంతాప సభ సంగతి చెప్పాలి. అలిపిరి దారిలో చల్లటి హాలు. వాకిట్లో ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో పెద్దాయన ముఖం చిన్నది, కట్టించినవాళ్ల ముఖాలు పెద్దవి. బెంచీ మీద నేను చూసినవాళ్లంతా ఉన్నారు. ఆయన ఇవ్వనని పంపేసినవాళ్లు కూడా మైకు పట్టుకొని, ఆయన తమను కొడుకులా చూశారన్నారు. ఒకాయన ఏడ్చాడు, ఏడుస్తూ ఫోటో తీసేవాడు ఎటున్నాడో చూసుకున్నాడు. ఆ తర్వాత అసలు మాట బయటికి తీశారు. ట్రస్టు సొమ్మంతా ఒకచోట చేర్చి, అలిపిరి దగ్గర పెద్దాయన పేరున స్మారక భవనం కట్టాలట. గుమ్మంలో విగ్రహం పెట్టాలట. చప్పట్లు మోగాయి. అందులో తలా ఒక గది దొరకదా అని వాళ్ల ఆశ. పెద్దాయన చితి వేడి కూడా ఆరలేదు, అప్పుడే వాళ్లు గదులు పంచుకుంటున్నారు.

ఆయనకు ఒక్కతే కూతురు. తిరుపతిలోనే బ్యాంకులో పని చేస్తుంది. ఇప్పుడు ట్రస్టు ఆమె చేతిలో ఉంది. ముందువరసలో కూర్చొని అందరికీ తల ఊపుతోంది. నాకు మైకు ఇవ్వరు, నేను అడగలేదు. భోజనాల దగ్గర వరసలో ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"పాపా, సీజను వస్తా ఉండాది. మా కొట్టంలో పిల్లోళ్లకు మీ నాయన ఇచ్చేది ఈ ఏడు ఇస్తావా, ఇవ్వవా? ఇవ్వలేనంటే ఇప్పుడే చెప్పు. ఇంకో దారి ఎతుక్కుంటాము."

వెనక నుంచి ఒక తెల్లచొక్కా ముందుకు వచ్చింది. "అవ్వా, ఇది అడిగే సమయమా? ఆమె దుఃఖంలో ఉన్నారు."

"నువ్వు మైకులో మేడ అడిగితే సమయము, నేను పిల్లోళ్లకు పాలు అడిగితే కాదా నాయనా? పక్కకు జరుగు, సాంబారు మీద పడతాది."

కూతురు నవ్వలేదు. నన్నే చూస్తూ అడిగింది.

"అవ్వా, మీ కొట్టంలో మా నాయన పేరు యాడన్నా రాసినారా?"

"లేదు పాపా. వద్దన్నాడు."

"ఫోటో?"

"అదీ లేదు."

"అయితే మా నాయన ఉన్నట్టు యాడ తెలుస్తాది? వీళ్లు మేడ కడతామంటా ఉండారు. మేడలో అయితే పేరుంటాది. నేను పోయి సూసుకునేదానికి నాకు ఒక చోటు ఉంటాది."

ఆమెను తిట్టడానికి నోట్లో చాలా మాటలు పెట్టుకొని వెళ్లాను. ఒక్కటీ రాలేదు. ఆ తెల్లచొక్కాలకు గదులు కావాలి. ఈ పిల్లకు నాయన కావాలి. రెండూ ఒకటి కాదు.

"వచ్చి సూడు" అని మాత్రం అన్నాను.

ఆమె ఒక మధ్యాహ్నం చెప్పకుండానే వచ్చింది. కారు దూరంగా ఆపి, చెరకు చెత్త తొక్కుకుంటూ నడిచి వచ్చింది. కొట్టంలో చంటిపిల్లలు నిద్రపోతున్నారు. దూలానికి కట్టిన గుడ్డ ఉయ్యాలల్లో ఒకటి కొంచెం కదులుతోంది. ఆమె దాని దగ్గరికి వెళ్లి అంచు పట్టుకుంది. బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇది మా నాయన పంచె."

"అన్నీ ఆయనవే పాపా. కట్టి కట్టి మెత్తబడినవి ఏటా మూటగట్టి పంపేవాడు. కొత్త గుడ్డ పిల్లోళ్ల ఒంటికి గీసుకుంటాదని."

"ఈ అంచు మా అమ్మ ఎంచింది. అమ్మ పోయినాక గూడా అదే అంచు కోసం అదే అంగడికి పోయేవాడు" అంది. ఉయ్యాలలో పిల్ల మూలిగింది. ఆమె మాట ఆపి ఊపడం మొదలుపెట్టింది. ఊపుతూనే, "ఇంట్లో పెట్టె నిండా ఉండాయవ్వా. ఏం చేయాల్నో తెలీక మూత తీయలేదు. ఈ దూలం ఇంకెన్ని ఉయ్యాలలు మోస్తాది?" అని అడిగింది.

మేడ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాలా, మేడా అన్నది ట్రస్టువాళ్లు కూర్చొని తేల్చేదాకా నా మాట ఇది. చదివినవాళ్లు ఆ తెల్లచొక్కాలకు కూడా చదివి వినిపించండి.

ఆ రోజు పొద్దు వాలాక ఉయ్యాలలో పిల్ల తల్లి చెరకుతోట నుంచి వచ్చింది. చేతుల నిండా ఆకు గీతలు. ఈ కొత్త మనిషి ఎవరని కూడా అడక్కుండా బిడ్డను ఎత్తుకొని వెళ్లింది. పెద్దాయన కూతురు ఉయ్యాల వదల్లేదు. ఖాళీ పంచె ఇంకా ఆ బిడ్డ ఒంటి ఆకారంలోనే వంగి, ఆమె చేతికింద ఊగుతూ ఉంది.

ఇది నేను చెప్పగా మేరీ సుగుణ రాసి, నాకు చదివి వినిపించింది. సరిగ్గా ఉందని వేలు వేశాను.

చెంగమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

రాసింది: మేరీ సుగుణ

సాక్షులు: కోడలు మునిలక్ష్మి, కొట్టంలో పిల్లలను చూసుకునే రాజమ్మ