ఎడమ జేబులో పది చింతగింజలు

మా జేజినాయన, అంటే నాయన వాళ్ళ నాయన, పేరు మద్దిలేటి. నంద్యాలలో ఒక కార్ల షోరూంలో సర్వీసు చేసే కొత్తవాళ్ళకు పని నేర్పుతాడు. నేను ఇంటర్ సగంలో మానేసి ఇంట్లో ఉన్నాను కాబట్టి ఆయన ప్యాంట్లు ఉతికేది నేనే. ఉతికినప్పుడల్లా జేబులో పది చింతగింజలు దొరికేవి.

"షోరూంలో వామనగుంటలు ఆడతాండావా ఏందీ?" అని ఒకసారి అడిగాను.

"నీకు ఇంటరే ఎక్కలే, ఇదేం ఎక్కుతాదిలే" అన్నాడు. అని, మళ్ళీ ఆయనే చెప్పాడు.

క్లాసు మూడు రోజులు. తర్వాత పరీక్ష. అందరూ పాసవుతారు, నెల తిరిగేసరికి ఎవరి పాత అలవాటు వాళ్ళకు వచ్చేస్తుంది. అందుకని పాసైనవాళ్ళు ఆయన కళ్ళముందు పది కార్లకు చక్రాలు బిగించాలి. నట్లు ఎదురెదురువి బిగించి, బిగువు సరిపోయి కొలత స్పానర్ టక్కుమనేదాకా తిప్పి, గుర్తుగా తెల్లరంగు చుక్క పెట్టాలి. సరిగ్గా చేస్తే ఒక గింజ ఎడమ జేబులోంచి కుడి జేబుకు మారుతుంది. ఒక్కటి మరిచినా గింజలన్నీ ఎడమకే. పదీ మారితేనే రిజిస్టరులో ఆయన సంతకం. కొందరికి ఇరవై రోజులు పట్టేది. వాళ్ళు తిట్టుకునేవాళ్ళు, కానీ వాళ్ళు బిగించిన చక్రం ఎప్పుడూ వదులు కాలేదు.

ఒక్క రియాజ్ దగ్గరే ఆయన లెక్క తప్పాడు.

రియాజ్ వాళ్ళ నాయన హుస్సేన్ చేతికిందే జేజినాయన పని నేర్చుకున్నాడు. హుస్సేన్ పోయి చాలా ఏళ్ళయినా మా ఇంట్లో ఆయన్ను ఇప్పటికీ ఉస్తాద్ అనే అంటారు. రియాజ్‌కు పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆళ్ళగడ్డలో కొత్త బ్రాంచి తెరుస్తూ, రియాజ్‌ను వెంటనే పంపమని మేనేజరు తొందరపెట్టాడు. ఉస్తాద్ కొడుకు పక్కన నిలబడి చేతులు చూస్తే ఉస్తాద్‌నే అనుమానించినట్టు అవుతుందని జేజినాయనకు మొహమాటం. పది గింజలూ ఒక్క గుప్పిటతో కుడి జేబులో వేసుకుని సంతకం పెట్టేశాడు.

రెండు నెలలు బాగానే జరిగింది. మూడో నెలలో, కార్లు వరుసకట్టిన ఒక రోజు, రియాజ్ కొలత స్పానర్ పక్కనపెట్టి వాళ్ళ నాయన లాగే చేతి అంచనాతో బిగించాడు. సాయంత్రం ఆ కారు చక్రం ఊడి మిరప చేలోకి దొర్లింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రియాజ్ ఉద్యోగం మాత్రం పోయింది. సంతకం నాది, నన్ను తీసేయండని జేజినాయన అడిగాడట. నువ్వు లేకపోతే నేర్పేదెవరని మేనేజరు వినలేదు.

మరునాడు జేజినాయన రియాజ్ ఇంటికి పోతుంటే నేనూ వెంటపడ్డాను. రియాజ్ కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. అప్పుడు అడిగాడు.

"అందరి పక్కనా నిలబడినావు మామా. నా పక్కన యాల నిలబడలే?"

"ఉస్తాద్ కొడుకువని, అప్పా."

"మా నాయన ఉంటే నిలబడేటోడు."

తిరిగొచ్చే దారిలో నేను రెండు జోకులేశాను, ఒక్కటీ పండలేదు.

ఇప్పుడు రియాజ్ ఆళ్ళగడ్డలో చిన్న పంక్చరు అంగడి పెట్టుకున్నాడు. జేజినాయన సెలవు గురువారం. అప్పుడు చూడని పది చక్రాలు ఇప్పుడైనా చూద్దామని, ప్రతి గురువారం బస్సెక్కి పోయి అంగడి ముందు బెంచీ మీద కూర్చుంటాడు. రియాజ్ టీ తెప్పిస్తాడు, మర్యాదగానే ఉంటాడు. చక్రం బిగించే పని వస్తే మాత్రం, "చేస్తాలే మామా, నీ బస్సు టైమైంది" అంటాడు. ఈయన లేచి వచ్చేస్తాడు.

సాయంత్రం ప్యాంటు ఉతకడానికి తీస్తే పది గింజలూ ఎడమ జేబులోనే ఉంటాయి. పోయిన గురువారం ఆయన ముఖం చూడలేక, ఒక గింజ తీసి కుడి జేబులో వేశాను. ఆయన చూడనే చూశాడు. తిట్టలేదు. ఆ గింజ తీసి, తుడిచి, మళ్ళీ ఎడమ జేబులో వేసుకున్నాడు.