అమ్మ కోరిన నీలం తలుపు

మా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే చాలు, మా మామ్మ తలుపులన్నిటికీ నూనె రాయడానికి కూర్చునేది...

మామ్మంటే మా నాన్నని కన్న తల్లి. మాది పూండి దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊరు. ఆ ఉప్పు గాలికి ఇనుప గొళ్ళేలే తుప్పుపట్టి పొట్టులా రాలిపోయేవి, ఇక కర్ర ఎంత? అందుకని జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నల్లటి నూనెని తలుపులకీ, దూలాలకీ, ఆఖరికి మంచం కోళ్ళకీ పట్టించేవారు. చెదలు ఆ దరిదాపులకి వచ్చేవి కాదు. నిజం చెప్పొద్దూ, ఆ వాసనకి చుట్టాలు కూడా కొన్నాళ్ళు వచ్చేవారు కాదు!

అలా ఇంట్లో అన్నీ నల్ల తలుపులే. మా అమ్మది టెక్కలి. పుట్టింట్లో నీలం రంగు తలుపుల మధ్య పెరిగిన మనిషి... ఆ నలుపంటే ఆవిడకి అస్సలు పడేది కాదు. కానీ మామ్మ మాటకి ఆ ఇంట్లో ఎదురుండేది కాదు కాబట్టి నోరు మెదిపేది కాదు.

ఒక ఏడు మా జీడితోట బాగా కాసింది. నాన్న హుషారుగా అమ్మని, "నీకేటి కావాలో సెప్పు, సీరా?" అని అడిగాడు.

"సీరొద్దు. వీధి తలుపుకి నీలం రంగెయ్యించండి. ఈ ఇంట్లో నాను కోరుకున్నది ఒక్కటైనా ఉండొద్దేటి?" అంది అమ్మ.

మామ్మ వక్క నములుతూ, "రంగు సూసి సెదలు పారిపోతాయేటి?" అని ఒక్క మాట అని ఊరుకుంది.

నాన్న పలాస వెళుతూ నన్నూ తీసుకెళ్ళాడు. రంగుల కొట్టాయన ముందే అడిగాడు... "గోడకా, కర్రకా? కర్రకైతే కింద ఏటైనా పూతుందా?"

"ఏటీ లేదు బావూ, ఒట్టి కర్రే" అన్నాడు నాన్న.

నాన్న అబద్ధమాడలేదండీ... జీడితోటలే లోకమైన మా ఉద్దానం ప్రాంతంలో జీడి నూనెని పూత అని ఎవరూ అనుకోరు. తలకి నూనె రాసుకున్నవాణ్ణి పట్టుకుని రంగేసుకున్నావా అని అడుగుతామా?

కొట్టాయన గులాబి రంగు ప్రైమర్ డబ్బా ఒకటి, నీలం డబ్బా ఒకటి ఇచ్చి, ముందు ప్రైమర్ వేసి, అది బాగా ఆరాకే రంగు వేయమన్నాడు. నాన్న తనే కుంచె పట్టాడు. ప్రైమర్ ఆరదే! ఎప్పుడు వేలు పెట్టి చూసినా జిగురు జిగురుగా అంటుకునేది. "సముద్రం గాలి గదా, నెమ్మదిగా ఆరతాది" అంటూ ఆత్రం పట్టలేక దాని మీదే నీలం కొట్టేశాడు.

ఇంకేముంది... తలుపుకి కోడి ఈకలు అంటుకున్నాయి, నా పావడా అంచు అంటుకుంది. నీలంలోంచి గోధుమ రంగు మరకలు పైకి తేలాయి. పక్కింటాయన వచ్చి తలుపు తోసి, చెయ్యి పీక్కుంటూ, "ఏటి మావా, మీ ఇంటికొత్తే తలుపే సెయ్యి ఒగ్గట్లేదు!" అన్నాడు. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను...

అమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్ళి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రంగు పోయిందని కాదు. పెళ్ళయ్యాక ఒకే ఒక్కటి అడిగితే అది నవ్వులపాలైంది. మామ్మ గుమ్మంలోంచి అది చూసింది. నాను సెప్పలేదేటి అని అంటుందనుకున్నాను... అనలేదు.

నాన్న మళ్ళీ పలాస వెళ్ళి తలవంచుకుని వచ్చాడు. జీడి నూనె మీద ఏ ప్రైమరూ ఆరదట. కర్ర తేలేదాకా గీకి, టర్పెంటైన్‌తో తుడిచి, ఎండబెట్టి, మిగిలిన నూనె పైకి ఊరకుండా లక్క పూత ఒకటి వేసి, ఆ తర్వాతే ప్రైమర్ వేయాలట.

అమ్మ చెంగు దోపి, గీకడానికి పాత కత్తి తీసింది. మామ్మ వచ్చి ఆ కత్తి లాక్కుంది.

"నివ్వు ముట్టకే. ఆ నూని సేతికి తగిలితే బొబ్బలే. నా సేతులు పిక్కలు కొట్టి కొట్టి మొద్దుబారిపోనాయి. నాకేటీ అవదు."

తలుపుని ఊడదీయించి అరుగు మీద పడుకోబెట్టి, చేతులకి కొబ్బరి నూనె, బూడిద రాసుకుని గీకడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి తను రాసిన నూనెని తనే, కోడలి నీలం రంగు కోసం, చెక్క తేలేదాకా గీకింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది...

ఏటీ అవదన్న మనిషికి వేళ్ళ సందుల్లో, అరచేతుల్లో బొబ్బలు లేచాయి. అన్నం కలుపుకోలేకపోయింది. అమ్మ పక్కన కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. మామ్మ నములుతూనే, "పులుసులో ఉప్పు సాల్లేదే" అని వంక పెట్టేది. అమ్మ ఫక్కున నవ్వేది. అత్తగారి ముందు అమ్మ అలా నవ్వడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

లక్క పూత ఆరింది. ప్రైమర్ ఆరింది. గరుకు కాగితంతో రుద్ది నాన్న నీలం వేశాడు... ఈసారి వేలికి అంటలేదు. తలుపు మళ్ళీ బిగించిన రోజు మామ్మ గుడ్డలు చుట్టిన చేతులతో వీధిలో నిలబడి కిందికీ పైకీ చూసింది.

"బాగానే ఉన్నాది. నా సేతులు మానితే పెరటి తలుపు కూడా గీకీసి ఇత్తాను" అంది. అమ్మ ఆవిడ భుజం పట్టుకుని అక్కడే, వీధిలోనే ఏడ్చేసింది.

మామ్మ ఇప్పుడు లేదు. మొన్న పలాసలో మా ఇంటికి రంగులేయించాం. ఏ ప్రైమర్ కావాలో కొట్టువాళ్ళే తేల్చారు, ఇద్దరు మనుషులు వచ్చి మిషన్‌తో రుద్ది, పిచికారీ కొట్టి సాయంత్రానికల్లా వెళ్ళిపోయారు. పని శుభ్రంగా ఉంది. ఎవరి చేతికీ ఒక్క బొబ్బ రాలేదు... ఎవరి నోట్లోనూ ఎవరూ ముద్ద పెట్టలేదు.

మీ ఇంట్లో ఏ రంగు ఎవరి మనసు కోసం పడిందో గుర్తుంటే రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.