మామ్మ పరమౌషధం

మొన్న శ్రీకాకుళం ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నప్పుడు పుట్టిన వణుకు నాకింకా పూర్తిగా వదల్లేదు. ఈ వయసులో వణకడానికి వేరే కారణం కావాలా అని మా ఆవిడ అంటుంది గాని, ఇది ఆ వణుకు కాదు.

నా మనవరాలి కొడుకు, నాలుగు నెలల పసివాడు, గుండెలో లోపంతో పుట్టాడు. ఊపిరితిత్తులకు నెత్తురు చాలినంత అందక ఒళ్ళు నీలంగా మారిపోయేది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, నెత్తురు ఊపిరితిత్తులకి చేరడానికి ఒక సన్నని గొట్టం లోపల అమర్చి పంపించారు. ఆ గొట్టంలో గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర ముక్క నీళ్ళలో కలిపి పట్టాలి. ఆ మాత్ర పేరు విని నేను నోరు తెరిచాను: నరసన్నపేటలో మా కిరాణా కొట్లో, బెల్లం దిమ్మల పక్కన సీసాలో పోసి తలనొప్పికని విడిగా అమ్మిన సరుకే అది! తలకని అమ్మింది గుండెకీ పనికొస్తుందని ముందే తెలిస్తే కాస్త తలెత్తుకుని అమ్మేవాణ్ణి.

ఆ పసివాడికి మొన్న వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దరికం ఊరుకోదు కదా, ఒక పూట పాలు ఆపి కడుపుకి విశ్రాంతి ఇవ్వమని నేను సెలవిచ్చాను. మనవరాలు నా మీదికి వచ్చినంత పని చేసింది.

“ఏటి తాతా అలాగంతన్నావు! ఒళ్ళెండిపోతే ఆడి నెత్తురు సిక్కబడిపోతాది. గొట్టం మూసుకుపోయిందంటే ఆడు మనకి దక్కడు. లే, కారు తియ్యమను!”

దారి పొడుగునా చెంచాతో చుక్క చుక్కగా ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పడుతూనే ఉంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ, ఇలా వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యొద్దని చెబుతూ చెబుతూ, ఆపరేషన్ కాని నీలి పిల్లలకైనా ఒళ్ళెండితే ఇదే గండమని, గడ్డ మెదడుకి చేరితే ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతాయని అంది. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మన ఈడువాళ్ళకి లంఖణాల సంగతి కొత్తగా చెప్పాలా? మా చిన్నప్పుడు వీధివైపు కొట్టు నిండా బియ్యం బస్తాలు, లోపల మా కడుపులు ఖాళీ. మా నాన్నని కన్న తల్లి, మామ్మ, ఆ ఇంటికి వైద్యురాలు. జ్వరమైనా, జలుబైనా, బడి ఎగ్గొట్టడానికి నేను తెచ్చిపెట్టుకున్న కడుపునొప్పి అయినా ఆవిడ దగ్గర ఒకటే మందు. “కడుపు కాళీగుంటే రోగం ఏటి తిని బతుకుతాదిరా?” అనేది. రోగం మాన్పడమంటే ఆవిడ లెక్కలో తిండి మాన్పించడమే. ఆ రోజుల లోటు ఇప్పటికీ పూడ్చుకుంటున్నాననడానికి నా పొట్టే సాక్షి. కాని ఆవిడకి ఒక నియమం ఉండేది: ఎవరి చేత లంఖణం చేయించినా తనూ పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. నేను ఆకలికి ఏడిస్తే పక్కన కూర్చుని తనూ ఏడ్చేది.

నా తర్వాత పుట్టిన తమ్ముడు ఏడిస్తే పెదాలు నేరేడుపండు తిన్నట్టయ్యేవి. వచ్చినవాళ్ళంతా వాణ్ణి ముద్దుగా నేరేడుపండనే పిలిచేవారు. గుండె సంగతి ఎవరికి తెలుసు? ఒక ఎండాకాలం వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మామ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని, పాలూ నీళ్ళూ ఆపించి, తనూ నోరు కట్టుకుని కూర్చుంది. చేపుకొచ్చిన పాలతో రవిక తడిసిపోతుంటే అమ్మ పెరట్లోకి వెళ్ళి మందార మొక్క మొదట్లో పిండి వచ్చేది. మొక్కకి నీళ్ళు పోస్తోందనుకున్నాను నేను. మర్నాడు వాడి కుడి చెయ్యీ కాలూ వాలిపోయాయి. “గాలి సోకీసిందమ్మా” అన్నారు చూడవచ్చినవాళ్ళు. సాయంత్రానికి వాడు లేడు. మామ్మ ఆ తర్వాత కూడా చాలా రోజులు ముద్ద ముట్టలేదు.

ఇన్నేళ్ళూ ఆ గాలినే తిట్టుకుంటూ బతికినవాణ్ణి. ఆ రోజు తమ్ముడికి నీళ్ళు పట్టి ఉంటే దక్కేవాడా అని డాక్టరమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.

అంతలో నా ఒళ్ళో పడుకోబెట్టిన మునిమనవడు నా పంచె తడిపేశాడు. “ఉచ్చ పోసాడు తాతా, ఉచ్చ పోసాడు!” అని మనవరాలు పండగ వార్తలా చాటింది. ఒంట్లోకి మళ్ళీ నీళ్ళు చేరాయనడానికి అదే గుర్తట. నర్సమ్మలు నవ్వారు. నేనూ నవ్వి, తడిపంచెతోనే చాలాసేపు కూర్చున్నాను.

కాలం మారింది, ఒకప్పుడు మామ్మ ఆపించిన చెంచాడు నీళ్ళే ఇప్పుడు ముందు పట్టమంటున్నారు. మా పెరడు గోడౌనైపోయింది. ఈ సంగతి మామ్మకి చెప్పాల్సిన పని లేకపోయినందుకు ఒక్కోసారి తేలికపడతాను. అమ్మకి మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసేమో. తమ్ముడు పోయాక వచ్చిన వానాకాలం మా మందారం ఎన్నడూ లేనంతగా విరగబూసింది. అమ్మ దేవుడికి ఒక్క పువ్వయినా కోయలేదు.