మెడికల్ బోర్డు ముంగట మేజర్ సాబ్

టీవీల మనిషి మీద ఎవరన్న పగ పడ్తరా? నేను పట్టిన. నాకు రావాల్సిన నౌకరి ఆయన వల్లనే పోయిందని చాన రోజులు నమ్మిన.

మా బాపు ముప్పయేండ్లకు పైగా బొగ్గుబాయిల పనిచేస్తుండు. అవ్వ పోయినంక గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్‌ల ఇద్దరమే ఉంటున్నం. నా పెండ్లి మూడేండ్లకే విరిగింది. తిరిగొచ్చి ఇక్కడ ఒక ప్రైవేటు బడిల చెప్తున్న. పొద్దంత నిలబడుడు, ఒర్రుడు, ఇంటికొచ్చి వంట. పక్క మీద ఒరిగేసరికి కాళ్ళు నావేనా అనిపిస్తది.

బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, తానం చేసి, టీవీ ముంగట కూసుంటడు. ఏదో హిందీ సీరియల్‌ను తెలుగుల మాట్లాడించి వేస్తరు. అండ్ల యుద్ధం నడుస్తుంటది, గని మేజర్ సాబ్‌ను యుద్ధానికి పంపరు. ఎక్కడో కొండల నడుమ మిలటరీ కంచర గాడిదలకు దాణా పెట్టే గోదాము ఉంటే, దానికి కాపలా పెడ్తరు. కింద ఎనమండుగురు సిపాయిలు. ఆయనకేమో దేశమంత ఆ గోదాము మీదనే నిలబడ్డట్టు. తెల్లారితే గోడకు మ్యాపు తగిలించి, కట్టెతోని చూపెట్టుకుంట ఉపన్యాసం. ఎలుకలు బస్తాలు కొరికితే, శత్రువు లోపలికొచ్చిండని బిగిల్ ఊదిస్తడు. సిపాయిలు నవ్వు ఆపుకోలేక చస్తుంటరు.

గని ఒకపారి మంచుల ఒక సిపాయికి జ్వరమొచ్చింది. మేజర్ తన కంబలి వానికి కప్పి, తను తెల్లారేదాక నిలబడ్డడు. "మేజర్‌కు చలి పెట్టదు, రూల్స్‌ల లేదు" అంటడు. పండ్లేమో టకటక కొట్టుకుంటున్నయి. నేను పడిపడి నవ్విన. బాపు కండ్లు తుడుసుకుంటుండు. "నవ్వుల సీరియల్‌కు ఏడుస్తరా బాపూ?" అంటే, "పొగ బిడ్డా" అన్నడు. మా ఇంట్ల ఉన్నది గ్యాసు పొయ్యి.

పక్క క్వార్టర్‌ల చాచా ఉంటడు, బాయిల ఫిట్టర్‌గ చేసి రిటైరైండు. ఆయన కూడ రోజు వచ్చి చూసేటోడు. బాపుకు మేజర్ సాబ్ అని పేరు పెట్టింది ఆయనే. పెట్టుడేంది, బాపు నిజంగనే గట్ల తయారైండు. డ్యూటీకి పోయేటప్పుడు వాకిట్ల ఆగి, మీసం సర్దుకొని, "గోదాము పైలం" అని నాకు ఆర్డరిచ్చి పోయేటోడు. గోదామంటే మా రెండర్రల ఇల్లు.

అన్ని బాగనే ఉన్నయి గని, దగ్గు. దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడైనయి. నాలుగు మెట్లెక్కాలంటే రెండు మెట్ల కాడ ఆగుతడు. ఒకనాడు చాచానే అన్నడు: "బేటీ, మెడికల్ బోర్డుకు పెట్టియ్యి. బోర్డోళ్ళు అన్‌ఫిట్ అని రాస్తే మీ బాపు ఇంట్ల కూసుంటడు, ఆయన నౌకరి నీకొస్తది. జల్ది చెయ్యాలె. రిటైర్మెంటు దగ్గర పడ్డంక బోర్డు ముచ్చటే ఉండదు."

గంతే, నాకు ఇగ అదే ధ్యాస. సిగ్గిడిచి చెప్తున్న, బాపు రోగం గట్టిదని తేలాలె అని దేవునికి మొక్కిన. పొద్దుగాల పండ్లు తోముకుంట ఆయన దగ్గుతుంటే, వంటింట్ల నిలబడి ఇనేదాన్ని, పెరిగిందా తగ్గిందా అని. కన్నతండ్రి మీద గిట్లాంటి ఆశ పెట్టుకున్న బిడ్డను ఏమంటరో మీరే అనుకోండ్రి.

మా దిక్కు బోర్డుకు పోవుడంటే ఒక పద్ధతి ఉంటది. వారం ముందు నుంచే గడ్డం గియ్యరు. తలకు రంగు వెయ్యరు. పాత అంగి, హవాయి చెప్పులు. చాచా అన్ని నేర్పిండు, ఊపిరి కొలిచే గొట్టంల ఊదుమంటే బలవంతంగ ఊదకు, నడువుమంటే ఆయాసమొచ్చిన కాడ ఆగు అని. "అబద్ధం ఆడుమంటలేను భాయ్. ఉన్న రోగాన్ని దాచకు, బస్." బాపు అన్నిటికి తల ఊపిండు. గడ్డం కూడ పెంచిండు. అయినా నాకు నమ్మకం కుదురలే. బడికి సెలవు పెట్టి ఎంబడి పోయిన.

బోర్డు కూసునేది వేరే ఊర్ల పెద్ద దవాఖానల. ముందురోజే పోయి తెలిసినోళ్ళింట్ల దిగినం. పొద్దుగాల నేను చాయ్ తెచ్చేసరికి బాపు నున్నగ గడ్డం గీసుకొని, మీసం దువ్వుకొని, ఇస్త్రీ అంగి తొడుక్కొని ఉన్నడు. ఆ అంగి సంచిల ఎప్పుడు పెట్టుకున్నడో ఏమో! "ఇదేంది బాపూ!" అని నెత్తి కొట్టుకున్న. "పెద్ద సార్ల ముంగటికి పోతున్నం, మర్యాదుండాలె గద" అన్నడు.

లోపల బల్ల ఎనుక నలుగురు డాక్టర్లు. నేను తలుపు కాడ నిలబడ్డ. పేరు పిలిచిండ్రు. రెండు మెట్లకే ఆగే నా బాపు, ఛాతి ముందుకు పెట్టి టకటక నడిచిపోయి సలాం కొట్టిండు. ఒక డాక్టరుకు నవ్వొచ్చింది.

"ఆయాసం వస్తుందా?"

"బాయి దిగేటోనికి ఆయాసమేంది సార్, మామూలే."

"కొంచెం నడుస్తవా?"

"ఆర్డరియ్యుండ్రి."

గొట్టం చేతికిస్తే మెడ నరాలు ఉబ్బేదాక ఊదిండు. నేను తలుపు కాడ నుంచి చేతులు ఊపుతనే ఉన్న, దగ్గు బాపూ, దగ్గు అని. నా దిక్కు చూసిండు. చూసి, ఇంకింత నిటారుగ నిలబడ్డడు.

బయటికొచ్చి వరండా మలుపు తిరిగినమో లేదో మొదలైంది. గోడ పట్టుకొని దగ్గి దగ్గి, కిందికి జారి మెట్ల మీద కూలబడ్డడు. అద్దగంట. మూతికి పెట్టుకున్న దస్తీ నల్లగైంది. నేను ఈపు రాసుకుంటనే తిట్టిన. "గీ దగ్గు లోపల దగ్గితే నీ సొమ్మేం పోయింది? ఇంకెన్నేండ్లు నేను ఆ బడిల చావాలె? నువ్వు మేజర్‌వు కాదు బాపూ, బొగ్గుపొడి మింగే కూలోనివి!" పోయేటోళ్ళు ఆగి చూసిండ్రు.

కొన్ని రోజులకు కాగితం వచ్చింది. ఫిట్. బాయి పనికే పోవాలె. చాచా చదివి, మడత పెట్టి, నా చేతికిచ్చి ఇంటికి పోయిండు. నేను రిమోట్‌ను బీరువల పెట్టి తాళమేసిన. మేజర్ లేడు, గోదాము లేదు. బాపు రిమోట్ అడుగలే, నేను ఇయ్యలే. నెల రోజులు ఇంట్ల గిన్నెల సప్పుడే.

ఒక ఐతారం అన్నం తింటుంటే ఇగ ఆగలేక అడిగిన. "ఆ టీవీల మేజర్ లెక్క చెయ్యాలనిపించిందా నీకు, సరిగ్గ ఆ రోజే?"

బాపు ముద్ద కింద పెట్టిండు. "పాపం, మేజర్ ఏం చేసిండు బిడ్డా. గడ్డం గీసుకున్నది నీ కోసమే. నీ పక్కన బికారోని లెక్క ఎట్ల నడువాలె? అయినా లోపలికి పోయినంక దగ్గుదామనే అనుకున్న. నువ్వు వచ్చి తలుపు కాడ నిలబడ్డవు. నలుగురు కూసుండి నీ బాపు దేనికి పనికిరాడు అంటుంటే నువ్వు ఇనాల్నా? నువ్వు రాకుంటే దగ్గేటోన్నే."

ఆయన సరిగ్గ దగ్గుతడో లేదో చూద్దామని పోయిందే నేను.

రిటైర్మెంటు దగ్గర పడ్డది, ఇగ బోర్డుకు టైము లేదు. బాపు మొదటి షిఫ్టుకే పోతుండు. ఈ నడుమ బూట్ల లేసులు కట్టుకోవస్తలేదు, వంగితే దగ్గు ముంచుకొస్తది. రోజు పొద్దుగాల నేనే కింద కూసుండి కడ్తున్న. పైన గురగుర ఊపిరి పీల్చుకుంట ఆయన గోడ పట్టుకొని నిలబడ్తడు. ఆ సప్పుడు ఆగేదాక నేను తల ఎత్తను.